అడుగులు తుడిచే జోగయ్య

ప్రపంచంలో ఏ గైడైనా ముందు నడుస్తాడు, వచ్చినవాళ్లు అతని వెనక నడుస్తారు. జోగయ్య మాత్రం అందరికన్నా వెనక నడుస్తాడు. పోనీ మామూలుగా నడుస్తాడా అంటే అదీ లేదు. లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, వచ్చిన దారికేసి తిరిగి, చేతిలో గుబురైన సరుగుడు మండ పట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగేస్తూ, అందరి అడుగుల గుర్తులూ ఒక్కటి మిగలకుండా తుడిచేస్తాడు. తనవి కూడా. అరవై రెండేళ్ల మనిషి రోజుకి పది కిలోమీటర్లు అలా నడిచినా, ఒక్కనాడు కాలు జారి పడింది లేదు.

ఎందుకయ్యా తుడుస్తావని అడక్కూడదు. అడిగితే చెబుతాడు. వచ్చిన చిక్కల్లా అదే.

అతనికి ఆ ఉద్యోగం ఇచ్చినవాడు దీక్షిత్. శ్రీముఖలింగంలో మూడు తరాలుగా వేదం చెప్పే ఇంట్లో పుట్టి, విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, కళింగపట్నం అవతల ఇసకదిబ్బల మీద ఒక సాయంత్రం నిలబడి, ఇక్కడ జనాన్ని నడిపించాలి అనుకున్నాడు. కుడివైపు సముద్రం లేకపోతే అది ఎడారే. దిబ్బ ఎక్కితే ఇంకో దిబ్బ, మధ్యలో మొగలిపొదలు, అక్కడక్కడ జీడితోపు. నాలుగు పగళ్లు, మూడు రాత్రుల నడక. సామానంతా వెనక రోడ్డు మీంచి ట్రాక్టరు తెస్తుంది. డేరాలో ఇనప మంచం, పరుపు, దోమతెర, పొద్దున్నే బకెట్టుడు వేణ్ణీళ్లు, కాస్త ఎడంగా ఇంకో చిన్న డేరాలో కమోడ్.

"మీ తాత మహేంద్రగిరి దాకా నడిచి వెళ్లొచ్చాడు. ఆయనకి కమోడ్ ఎవడు మోశాడురా?" అన్నారు తండ్రి కూర్మనాథంగారు.

జోగయ్యది ఆ దారిలోనే ఉన్న గుల్లపేట. వేటకి వెళ్లడం మానేసిన మత్స్యకారుడు. ఏ దిబ్బ వెనక నక్కల బొరియ ఉందో, ఎర్రపీతలు ఏ వేళకి బయటికొస్తాయో, తాబేళ్లు ఎక్కడ గట్టెక్కి గుడ్లు పెడతాయో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అంతా తెలిసినవాడే, కానీ వెనక్కి నడుస్తాడు.

"గైడంటే ముందుండి దారి చూపించాలి జోగయ్యా" అన్నాడు దీక్షిత్ మొదట్లోనే.

"దారి సూపడానికేటున్నాది బాబూ? కుడిసేతికి సముద్రం, ఎడంసేతికి ఇసక. ఇందులో దారి తప్పిపోవాలంటే శానా తెలివుండాల" అన్నాడు జోగయ్య.

మొదటి ఏడాది వచ్చినవాళ్లు అతన్ని చూసి నవ్వుకున్నారు. రెండో ఏడాదికి నవ్వు తగ్గింది. ఎందుకంటే జోగయ్య ఒకరికి చెప్పిన కారణం ఇంకొకరికి చెప్పడు, చెప్పినదల్లా ఒళ్లు జలదరించేలా చెబుతాడు. సాలూరు నుంచి వచ్చిన లారీల యజమానితో, "అడుగు తుడవకపోతే రేతిరి మనం నిద్దరోతన్నప్పుడు అది దానంతటది నడుస్తాది బాబూ. తెల్లారి లెగిసేసరికి కాళ్లు నొప్పెడతాయి. మీకే తెలస్తాది సూడండి" అన్నాడు. ఏడాదికోసారి కూడా నడవని మనిషి పది కిలోమీటర్లు నడిస్తే కాళ్లు నొప్పి పెట్టక ఏం చేస్తాయి? ఆ పెద్దమనిషి పొద్దున్నే కుంటుకుంటూ లేచి, కాఫీ కూడా తాగకుండా ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

కొత్తవలస నుంచి కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. వాళ్లతో ఇంకా నెమ్మదిగా చెప్పాడు. "ఇప్పుడు మీయి రెండు జతల అడుగులున్నాయి గదమ్మా. ఒగ్గేస్తే తెల్లారేసరికి మద్దిని ఇంకో జత ఉంటాది." ఆ జంట మూడు రాత్రులకి వచ్చి ఒక రాత్రికే వెళ్లిపోయింది. ఆ పిల్లాడు ఇంటర్నెట్‌లో ఇలా రాశాడు: "భోజనం బాగుంది. పరుపు బాగుంది. గైడు మాత్రం హత్య చేసి సాక్ష్యం చెరిపేసేవాడిలా మా వెనకే వచ్చాడు." ఐదు స్టార్లకి రెండిచ్చాడు. అవి పరుపుకే అయ్యుంటాయి.

రెండు వేల పదిహేడు ఫిబ్రవరి నాటికి దీక్షిత్ దగ్గరికి వచ్చేవాళ్లు సగమయ్యారు. అప్పుడే విజయనగరం నుంచి నరసింగరావుగారు వస్తానని ఫోను చేశారు. రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు, ఉదయపు నడక సంఘానికి కార్యదర్శి. ఆయనకి నచ్చిందంటే సంఘంలో నూట నలభై మంది వస్తారు. నచ్చకపోతే డేరాలు పెళ్లి షామియానాలవాడికి ఇచ్చేసి దీక్షిత్ మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. అందుకని ఈసారి తనే వెంట బయల్దేరాడు. ఈ నడక ముగిశాక జోగయ్యని మానిపించేయాలని నిశ్చయించుకున్నాడు కూడా. ఆ మాట వంట చేసే గౌరితో ఒక్కదానితోనే అన్నాడు. గౌరిది గుల్లపేటే, జోగయ్యకి చుట్టం. విని ఉల్లిపాయలు తరుక్కుంది.

నరసింగరావుగారితో భార్య లక్ష్మీకామేశ్వరి, పక్షుల ఫొటోలు తీసే బ్యాంకు ఉద్యోగి అనూరాధ వచ్చారు. మొదటి గంటలోనే నరసింగరావుగారు వెనక్కి తిరిగి చూశారు.

"ఆయనేం చేస్తున్నాడండీ?"

"పర్యావరణమండి" అన్నాడు దీక్షిత్.

లక్ష్మీకామేశ్వరిగారు అంతటితో ఊరుకోలేదు. ఆగి, జోగయ్యతో కలిసి నడిచి, నేరుగా అడిగేసింది.

"ఈ ఇసకలో ఒకరున్నారమ్మా" అన్నాడు జోగయ్య, మండ ఆపకుండా. "రేతిరి వస్తారు. ఎవుల అడుగు కనపడితే ఆల అడుగులో అడుగెడతారు. సరిపోయిందనుకో, ఆల ఎనకాతల ఇంటిదాకా వస్తారు."

"సరిపోకపోతే?"

"సరిపోయినదాకా ఎతుకుతారు."

ఆవిడ కొంగు నిండా కప్పుకుంది. "ఇంకోటి చెప్పవయ్యా" అంది. ముప్ఫై ఏళ్లు ఇంజనీరుతో కాపురం చేసిన మనిషి, కారణంలేని మాట వినక ఎన్నాళ్లయిందో పాపం.

ఆ సాయంత్రం డేరాల ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. గౌరి వేడివేడిగా మిరపకాయ బజ్జీలు వేసింది. పొద్దు దిగుతూంటే అందరూ వచ్చిన దారికేసి చూశారు. అక్కడ దారి లేదు. ఆకాశం అంచు దాకా ఇసక నున్నగా ఉంది, మనిషన్నవాడు ఎన్నడూ కాలు పెట్టనట్టు. గాలి కూడా పడిపోయింది. జీడితోపులో నక్క ఒకటి కూసింది, దానికి ఇంకోటి బదులు పలికింది.

"మనం వచ్చామా అసలు?" అంది లక్ష్మీకామేశ్వరిగారు.

దీక్షిత్ తన పాదాలకేసి చూసుకున్నాడు. చదువుకున్నవాడే, కానీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

రెండోరోజు పొద్దున్న తాబేలు జాడ కనపడింది. రాత్రి గట్టెక్కి గుడ్లు పెట్టి వెళ్లిపోయింది. అనూరాధ ఫొటోలు తీసుకోవడం ఆలస్యం, జోగయ్య ఆ జాడ కూడా తుడిచేశాడు.

"దీని వెనక కూడా ఎవరైనా వస్తారా?" అంది ఆమె.

"దీని ఎనకాతల నక్క వస్తాదమ్మా. గుడ్లు తినీడానికి" అన్నాడు జోగయ్య. అతను మామూలు జవాబు చెప్పడం దీక్షిత్ వినడం అదే మొదలు.

గొడవ మూడోరోజు తెల్లవారుజామున వచ్చింది. మంచు దట్టంగా పట్టింది, పది అడుగుల అవతల డేరా కనపడదు. నరసింగరావుగారు తన అడుగుల జాడ పట్టుకుని వెనక్కి వచ్చేయొచ్చుననే ఇంజనీరు ధీమాతో కమోడ్ డేరాకి వెళ్లారు. ఆయన లోపల ఉండగానే జోగయ్య బయట జాడ తుడిచేశాడు. ఆయన బయటికొచ్చి చూస్తే తను ఎక్కణ్ణించీ రాలేదు. ఖాళీ చెంబు పట్టుకుని ఇరవై నిమిషాలు దిబ్బల్లో తిరిగి, చివరికి బజ్జీల నూనె వాసన పట్టుకుని వంటడేరాలో తేలారు.

"ఇది నడకా, శిక్షా?" అన్నారు దీక్షిత్‌తో. నూట నలభై మందీ ఒక్కసారిగా లేచి వెళ్లిపోతున్నట్టనిపించింది దీక్షిత్‌కి. విసురుగా వెళ్లి జోగయ్య చేతిలోని మండ లాక్కుని పొయ్యిలో పెట్టేశాడు.

"ఇవాళ నువ్వు ముందు నడుస్తావు. తుడవడం లేదు."

"బాబూ, నా మాటినండి. ఒగ్గేస్తే ఒకరొస్తారు."

"ఎవరొస్తారు? ఒకసారి అడుగే నడుస్తుందంటావు, ఒకసారి మూడో జత అంటావు. ఏదో ఒకటి చెప్పు."

జోగయ్య పొయ్యిలో చిటపటలాడే సరుగుడాకుకేసి చూసి, "పోనీ మా పేట ముందర ఒక్క పర్లాంగు తుడుచుకుంటాను" అన్నాడు. దీక్షిత్ ససేమిరా అన్నాడు. ఇవాళ పర్లాంగంటే రేపు మైలంటాడు.

ఆరోజు జోగయ్య గైడులాగే నడిచాడు. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూశాడు. గుల్లపేట దగ్గర అల అందని మెరక మీంచి వెళ్తూంటే, నలుగురి బూటు గుర్తులూ అతని ఉత్తపాదాల గుర్తులూ ఇళ్లకి ఎదురుగా వరసగా పడ్డాయి. మూడో మజిలీ అక్కడికి నాలుగు కిలోమీటర్లు, ఒక చిన్న ఏరు సముద్రంలో కలిసేచోట. మధ్యాహ్నం ఆటు మీద ఏట్లో నీళ్లు తగ్గితే, అనూరాధ కొంగల ఫొటోల కోసం తడిసిన ఇసక మీద చాలా దూరం వెళ్లొచ్చింది. జోగయ్య ఈ రాత్రికి ఇంటికెళ్లి వస్తానన్నాడు. తెల్లవారకముందే తాబేళ్లని చూపించాలి కదా, ఎలా పంపను అన్నాడు దీక్షిత్. అన్నందుకు తర్వాత చాలాకాలం బాధపడ్డాడు.

నాలుగోరోజు ఇంకా వెలుగు రాలేదు, తెల్లటి మంచు. తాబేళ్లకని లేచి నలుగురూ టీ గ్లాసులతో నిలబడ్డారు. అప్పుడు దక్షిణం వైపునుంచి ఒక గొంతు వినపడింది. ఆడగొంతు, సన్నగా, దూరంగా.

"ఒలే అసిరీ... ఆగండే..."

అనూరాధ దీక్షిత్ కేసి చూసింది. అతను వంటడేరా కేసి చూశాడు. గౌరి అక్కడే ఉంది, అట్లకాడ పట్టుకుని బిగుసుకుపోయి.

"తాయారూ... నన్నొగ్గేసి ఎల్లిపోతన్నారేటే..."

మంచులోంచి ఒక మనిషి వచ్చింది. నెత్తిన బుట్ట, నడుం వంగిపోయి ఉంది, తల నేలకేసి. ఇసకలో నిన్నటి అడుగు ఒక్కొక్కటే వెతుక్కుని, ప్రతి అడుగులోనూ తన పాదం పెట్టి నడుస్తోంది. రెండు డేరాల మధ్య నుంచి, మనుషుల పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్లింది. ఎవరికేసీ చూడలేదు. నరసింగరావుగారి బూటు గుర్తులో పాదం పెట్టి ఒక క్షణం ఆగింది. ఆయన ప్రాణం కూడా అక్కడే ఆగింది. తర్వాత అనూరాధ వేసిన అడుగులు పట్టుకుని, ఏటి వైపు మంచులో కలిసిపోయింది.

"సరిపోలేదు" అంది లక్ష్మీకామేశ్వరిగారు, భర్త చెయ్యి పట్టుకుని.

అంతలో తాబేళ్లని చూసొస్తానని వెళ్లిన జోగయ్య దిబ్బ మీంచి పరిగెత్తుకొచ్చాడు. ఇసకలో కొత్తగా పడ్డ చిన్న పాదాలు చూశాడు.

"అప్పా" అని అరిచి ఏటికేసి పరిగెత్తాడు.

అక్కడివాళ్లు అక్కని అప్ప అంటారు. దెయ్యానికి తమ్ముడుంటాడని దీక్షిత్ ఏ శాస్త్రంలోనూ చదవలేదు. అతనూ పరిగెత్తాడు. వెనక నుంచి గౌరి, "మా అత్త బాబూ, మా అత్త" అంటూ వచ్చింది. మధ్యాహ్నం అనూరాధ నడిచిన చోటంతా ఇప్పుడు నీళ్లు. పోటు వచ్చేసింది. ఆ నీళ్లలో మోకాలి లోతున ముసలావిడ నిలబడి, అడుగులు ఏమైపోయాయా అని వంగి చూస్తోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే లోతు.

జోగయ్య అరవలేదు, చెయ్యి పట్టి లాగలేదు. నీళ్లలోకి దిగి, ఆవిడకి అవతలగా లోతువైపు నిలబడి, మామూలుగా అన్నాడు. "ఈయేళ సంత లేదప్పా. అసిరోళ్లు ఎనక్కి ఎల్లిపోనారు."

"అబద్దాలాడీకు. ఎనక్కెలితే అడుగులుండవేటి?"

జోగయ్య, తన వెనకే నీళ్లలోకి దిగిన దీక్షిత్ చెవిలో, "మీరు కూసింతసేపు మాటల్లో ఎట్టండి" అని చెప్పి దిబ్బ మీదకి పోయాడు.

"ఎవులు బాబూ నువ్వు?" అంది ఆవిడ.

"చేపలు కొనుక్కోడానికి వచ్చానమ్మా" అన్నాడు దీక్షిత్, ఆవిడ్ని నెమ్మదిగా గట్టుకేసి నడిపిస్తూ.

"ఏటి సేపలు కావాల?"

మూడు తరాల వేదం ఆ క్షణాన అతనికి ఒక్క చేప పేరు అందివ్వలేదు. "పెద్దవి" అన్నాడు.

ఆవిడ అతన్ని కిందనుంచి మీదకి చూసింది. "పంతులుగారి పిల్లడిలాగున్నావు. ఇంటికాడ సెప్పకుండా వచ్చినావేటి?" అంది జాలిగా.

గట్టెక్కేసరికి దిబ్బ మీద జోగయ్య పని నడుస్తోంది. వెనక్కి వెళ్లిపోయారన్న ఆడవాళ్లందరి అడుగులూ ఒక్కడే వెయ్యాలి. లుంగీ ఎగ్గట్టి, నెత్తిన బుట్ట ఉన్నట్టు చెయ్యి పైకెత్తి, పొట్టి పొట్టి అడుగులు వేసుకుంటూ యాభై గజాలు నడుస్తాడు, పక్కనుంచి పరిగెత్తుకుంటూ వెనక్కొస్తాడు, మళ్లీ నడుస్తాడు. ఒకరు వగలుగా, ఒకరు కుంటుతూ, ఒకరు తొందరగా. రొప్పుతున్నాడు. లక్ష్మీకామేశ్వరిగారు చూసింది, బూట్లు విప్పేసి అతని పక్కన నడవడం మొదలెట్టింది. అనూరాధ కూడా కలిసింది. చివరికి నరసింగరావుగారు పంట్లాం మడుచుకుని, "అడుగుకీ అడుగుకీ పద్ధెనిమిది అంగుళాలు సరిపోతుందా?" అని అడిగి మరీ దిగారు.

ముసలావిడ ఆ అడుగులు చూసింది. మొహం విప్పారింది. "ఒలమ్మా, నిజిమే" అని గుల్లపేట దారి పట్టింది. గౌరి ఆవిడ పక్కనే నడిచింది. కాస్త ముందుగా ఈ ఆడవేషాల బృందం.

దారిలో జోగయ్య దీక్షిత్‌కి చెప్పాడు. ఆవిడ పేరు తాతమ్మ, అతని అక్క, గౌరికి అత్తగారు. నలభై ఏళ్లు తెల్లారకముందే చేపలబుట్ట ఎత్తుకుని ఏరు దాటి సంతకి వెళ్లింది. పేట ఆడవాళ్లు వరసగా వెళ్లేవారు, ఆలస్యమైనవాళ్లు ముందువాళ్ల అడుగులు పట్టుకుని వెళ్లేవారు. ఇప్పుడు ఆవిడకి మతిమరుపు. తెల్లారి ఇసకలో అడుగులు కనపడితే, తనని విడిచి అందరూ సంతకి వెళ్లిపోయారనుకుని బయల్దేరిపోతుంది. అడుగులు లేకపోతే ఇంట్లోనే ఉంటుంది. జోగయ్య పేటలో ఉన్నప్పుడు రోజూ ఆవిడ గుమ్మం నుంచి పడవల దాకా వెళ్లి, మళ్లీ ఆవిడ గుమ్మానికే వచ్చేలా అడుగులు వేసి పెడతాడు. సంతకెళ్లొచ్చానని ఆవిడ తృప్తిగా గంజి తాగుతుంది.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా జోగయ్యా. ఆ దెయ్యాలెందుకు?"

"దెయ్యమంటే బయపడతారు బాబూ. పిచ్చిదంటే నవ్వుతారు. మా అప్పని సూసి ఎవులూ నవ్వకూడదు." వెనక్కి తిరిగి అక్కకేసి చూసి మళ్లీ అన్నాడు. "ఒక్క మా పేట ముందరే తుడిస్తే ఎందుకని ఆరా తీస్తారని దారంతా తుడిసినాను. అప్ప ఇలగ ఎల్లిపోతాదని గౌరికి కూడా సెప్పలేదు. సెప్తే మీకాడ పని మానేస్తాది, లేదంటే తలుపుకి తాళమెడతాది. నలబయ్యేళ్లు నడిసిన కాళ్లకి తాళమేటి?"

దీక్షిత్ ఆగి అతనికేసి తిరిగాడు. "నిన్ను మానిపించేద్దామని వచ్చాను ఈసారి" అన్నాడు.

"తెలుసు బాబూ. గౌరి సెప్పింది."

"ఇప్పుడు మానతానన్నా ఒప్పుకోను. నడక గుల్లపేట మీంచి వెళ్లేరోజు నువ్వు ఇంటి దగ్గరే పడుకో. తుడిచే పని నేను చూసుకుంటాను."

"మీకు రాదు బాబూ" అన్నాడు జోగయ్య మర్యాదగా. "కొత్తలో ఎల్లకిలా పడిపోతారు."

నరసింగరావుగారు వారం తర్వాత ఇంటర్నెట్‌లో ఒకే ఒక్క ముక్క రాశారు. "గైడు చెప్పేవన్నీ నిజం. నేను కళ్లారా చూశాను." నడక సంఘం వేసవి లోపలే మూడు జట్లుగా వచ్చింది, ప్రతివాళ్లూ జోగయ్యని ముందు అడిగింది దెయ్యం గురించే. కానీ అది తర్వాతి సంగతి.

ఆ పొద్దున్న తాతమ్మ ఇంటి అరుగు మీద అందరికీ గౌరి టీ ఇచ్చింది. జోగయ్య అలసిపోయి, పడవ నీడన చతికిలపడి, కాళ్లు పిసుక్కుంటున్నాడు. తాతమ్మ బుట్ట దించి, దీక్షిత్ పక్కన కూర్చుని, తమ్ముడి కేసి చూసింది. ఇప్పుడు ఆవిడ కళ్లలో మంచు లేదు.

"బాబూ, ఆ అడుగులు అసిరియి కావు. అసిరి సచ్చిపోయి పదేళ్లయినాది" అంది చిన్నగా. "అయి మా జోగిగాడియే. సిన్నప్పుడు నత్తగుల్ల గుచ్చుకుని ఆడి ఎడంకాలి బొటనేలు వంకరైపోనాది. ఎక్కడేసినా నాకు తెలిసిపోతాది."

"తెలిసి కూడా ఎందుకమ్మా వాటి వెంట నడవడం?"

"కొన్నాళ్లు తెలస్తాది, కొన్నాళ్లు తెలీదు. తెలిసిన్నాడు కూడా నడుస్తాను. ఆడితో అనీకు." తాతమ్మ టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఊదుకుంది. "ముసిలోడు అంతమంది ఆడోళ్లలాగ కట్టపడి నడిసినాడు గదా బాబూ. ఎనకాతల ఎవులూ రాకపోతే సిన్నబోడేటి?"